డిస్కు జారింది సరే... ఎటువైపు?

నడుంనొప్పి అని నోరు జారితే చాలు, మా వీధిలో కారణాలు చెప్పేవాళ్ళకి కొదవుండదు. "ఎడమ చంకన బిందె మోసీ మోసీ అలా అయింది" అంటారొకరు. "పిల్లాణ్ణి కిందికి దించకుండా ఒకే పక్క ఎత్తుకు తిరిగితే రాదూ మరి!" అంటారింకొకరు. ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి పడుకుంటుందనీ, కుడిచేతి వాటం వాళ్ళకి కుడివైపే వస్తుందనీ, కాదు కాదు ఎడమవైపేననీ... ఎవరి సిద్ధాంతం వాళ్ళది.

నిజానికి ఈ కబుర్లలో ఒక మంచి ప్రశ్న దాగుంది. నడుము ఒంటికి సరిగ్గా మధ్యలో ఉంటుంది కదా! అక్కడ డిస్కు జారితే నొప్పి రెండు కాళ్ళలోకీ సమానంగా దిగాలి. కానీ నూటికి తొంభై మందిలో ఒక కాలే పట్టేస్తుంది. రెండో కాలు నిక్షేపంగా ఉంటుంది. ఎందుకని?

పోయినేడాది మా వదినకి డిస్కు జారేదాకా నేనూ ఈ సంగతి పట్టించుకోలేదు. ఆవిడ వెంట మూడు నెలలు డాక్టర్ల చుట్టూ తిరిగాక, ఎడమా కుడీ అన్న ఈ చిన్న మాట మీద ఎంత ఆధారపడి ఉంటుందో తెలిసొచ్చింది. నాలా తిరిగేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు కాబట్టి తెలుసుకున్నది చెప్తాను.

బూరెలో పూర్ణం

నడుము భాగంలో ఐదు వెన్నుపూసలుంటాయి. పూసకీ పూసకీ మధ్య మెత్తలాగా ఉండేదే డిస్కు. దాని పైపొర గట్టి నారతో అల్లిన చుట్టలా ఉంటుంది. లోపల మెత్తటి గుజ్జు. అసలు 'జారడం' అన్న మాటే సరైంది కాదు. డిస్కు ఉన్నచోటే ఉంటుంది. పూర్ణం బూరెని నొక్కితే పైపొర పల్చబడ్డచోట చిల్లుపడి పూర్ణం బయటికి తోసుకొస్తుంది చూడండి, సరిగ్గా అలాగే లోపలి గుజ్జు బయటికి వస్తుంది.

మరి ఎటు వస్తుంది? డిస్కుల వెనకాల పైనుంచి కిందదాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. మధ్యలో అది దిట్టంగా ఉంటుంది, అంచుల్లో పల్చన. పైగా నడుం దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోతుంది. దాంతో గుజ్జుకి వెనకాల నడిమధ్యన దారి దొరకదు. పట్టీ అంచు దాటి ఎడమకో కుడికో తప్పుకుని బయటపడుతుంది. ఆ మూలలోనే కాలికి వెళ్ళే నరం ఉంటుంది. ఎడమ మూలలో ఎడమకాలి నరం, కుడి మూలలో కుడికాలి నరం. దేన్ని నొక్కితే ఆ కాలు లాగేస్తుంది. దాన్నే సయాటికా అంటున్నాం. మన పెద్దవాళ్ళు తుంటినొప్పి అనేవారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పక్షవాతంలో మెదడు ఎడమవైపు దెబ్బతింటే కుడిచెయ్యి, కుడికాలు పడిపోతాయని విన్నాం కదా. ఆ లెక్కన డిస్కు ఎడమవైపు జారితే కుడికాలు నొప్పి పుట్టాలేమో అనుకుంటారు. కాదు. ఎడమా కుడీ తారుమారు కావడమన్నది పైన, మెదడు దగ్గర జరిగే సంగతి. నడుం దగ్గర నరాలు బయల్దేరాక ఇక దాటడాల్లేవు. డిస్కు ఏ పక్క నొక్కితే ఆ పక్క కాలే.

ఇంకో సంగతి. జారే డిస్కుల్లో నూటికి తొంభైకి పైగా అడుగున ఉండే రెండే. నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్యది ఒకటి, ఐదో పూసకీ దాని కింద ఉండే త్రికాస్థికీ మధ్యది ఇంకొకటి. బరువంతా వాటి మీదే కదా పడేది! మొదటిది జారితే సాధారణంగా నొప్పి తొడ పక్కనుంచి పిక్క బయటివైపుగా దిగి, పాదం పైకి, బొటనవేలికి పాకుతుంది. బొటనవేలు పైకెత్తాలంటే బలం చాలదు. రెండోది జారితే తొడ వెనకనుంచి పిక్కలోకి, మడమకి, చిటికెనవేలి వైపుకి పోతుంది. మునివేళ్ళ మీద లేచి నిలబడడం కష్టమవుతుంది. అంటే నొప్పి ఏ దారిన పోతోందో మనం సరిగ్గా చెప్పగలిగితే, ఏ డిస్కు, ఏ పక్క అన్నది డాక్టరుకి సగం తెలిసిపోయినట్టే. "నడుం దగ్గర్నుంచి కాలంతా" అని చేత్తో గాల్లో చూపించేస్తే లాభం లేదు.

ఈ జ్ఞానమంతా మరీ పాతదేం కాదు. అమెరికాలో బోస్టన్‌కి చెందిన మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు కాలునొప్పికీ పగిలిన డిస్కుకీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చెప్పింది 1934లో.

రెండు డిస్కులు, ఒకటే నొప్పి

మా వదినది కాకినాడ. వయసు నలభై ఆరు. హైస్కూల్లో టీచరు. గ్యాసు సిలిండరుని వంగి పక్కకి జరపబోయింది, నడుం కలుక్కుమంది. మూడు రోజులకి నొప్పి ఎడమకాల్లోకి దిగింది. కాపడాలు, నొప్పి తైలాలు, నడుంబెల్టు అన్నీ అయ్యాయి. మూడు వారాలకీ తగ్గకపోతే ఎమ్మారై స్కానింగు తీయించారు. రిపోర్టులో రెండున్నాయి. నాలుగు-ఐదు పూసల మధ్య డిస్కు కుడివైపుకి బాగా పొంగిందని ఒకటి. దాని కింది డిస్కు ఎడమవైపుకి కొద్దిగా జారిందని ఇంకొకటి.

అన్నయ్య ఫిలింని కిటికీకి ఆనించి చూస్తూ, "ఏమే, రిపోర్టులో పెద్దది కుడివైపని రాశారు. ఇక్కడ చూస్తే ఎడమవైపుంది. నొప్పీ ఎడమేగా. వీళ్ళే తప్పు రాసినట్టున్నారు" అన్నాడు. ఇల్లంతా గందరగోళం. ఆపరేషను చేయాలన్న ఆసుపత్రిలో మాత్రం ఆ గొడవే లేదు. "రెండూ ఒకేసారి చేసేద్దామమ్మా, మళ్ళీ మళ్ళీ కొయ్యడమెందుకు" అన్నారు. తారీఖు కూడా ఖాయం చేశారు. వదిన ముఖం పాలిపోయింది. "అమ్మాయ్, నా నొప్పి ఒక పక్కే కదా, రెండో పక్క ఎందుకు కొయ్యాలి?" అని రాత్రంతా అదే మాట.

ఆ ప్రశ్న పట్టుకునే ఇంకో డాక్టరుకి చూపిద్దామని విశాఖపట్నం వెళ్ళాం. ఆయన కవరు అందుకుని, ఫిలిం బయటికి తీయకుండానే బల్ల మీద పక్కన పెట్టారు. "ముందు మీ కాలేం చెప్తుందో చూద్దామమ్మా" అన్నారు.

మునివేళ్ళ మీద నడవమన్నారు. కుడిమడమ బాగానే లేచింది, ఎడమ మడమ సగంలోనే ఆగిపోయింది. తర్వాత మడమల మీద నడవమంటే రెండువైపులా సమానంగా నడిచింది. బొటనవేళ్ళు పైకెత్తమని తన వేలితో కిందికి నొక్కి చూశారు, రెండిటికీ బలం ఉంది. మడమ వెనకాల రబ్బరు సుత్తితో తట్టారు. కుడిపాదం టక్కున కదిలింది, ఎడమపాదం కదల్లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు పైకెత్తారు. జానెడు లేచేసరికి "అమ్మో" అంది.

తర్వాత ఆయన చేసిన పనే నాకు ఆశ్చర్యం కలిగించింది. ఏ నొప్పీ లేని కుడికాలిని ఎత్తారు. వదిన మళ్ళీ కేక పెట్టింది. ఎత్తింది కుడికాలు, నొప్పి పుట్టింది ఎడమకాల్లో! ఒక కాలు ఎత్తినప్పుడు లోపల నరాలు లాగబడి రెండోవైపు నరాన్ని కూడా కొద్దిగా కదిలిస్తాయట. అవతలి నరం డిస్కుకి అతుక్కుని ఉంటే ఆ కాస్త కదలికకే నొప్పి పుడుతుంది. ఇలా జరిగితే కాలునొప్పికి డిస్కే కారణమని చాలావరకు రూఢి అయినట్టే. జరగనంత మాత్రాన డిస్కు కాదని మాత్రం కాదు.

కాలెత్తి చూసే ఈ పరీక్షని ఫ్రాన్సు దేశపు లాసేగ్ పేరుతో పిలుస్తారు. దీన్ని 1880లోనే సెర్బియా డాక్టరు లజారెవిచ్ రాసి అచ్చువేశాడు. ఆయన కథలు కూడా రాసేవాడు. పేరు మాత్రం ఇంకొకరికి పోయింది. ఏ దేశమైతేనేం!

ఇంత అయ్యాక అప్పుడు ఫిలిం తీశారు. అన్నయ్య అనుమానం చెప్పగానే నవ్వారు. "ఇది మీకు ఎదురుగా ఉన్న మనిషి అనుకోండి. మీకు ఎదురుగా నిలబడినవాళ్ళ కుడిచెయ్యి మీకు ఎడమవైపుంటుంది కదా!" అడ్డంగా కోసినట్టు కనిపించే స్కాన్ బొమ్మల్ని పడుకున్న మనిషిని పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు ముద్రిస్తారు. అందుకని మన కుడి బొమ్మలో ఎడమవైపుకి వస్తుంది. ప్రపంచమంతా ఇదే పద్ధతి. అంటే రిపోర్టు సరైనదే. కిటికీ దగ్గర ఫిలిం పట్టుకుని ఇంట్లోవాళ్ళం తీర్పులివ్వకూడదన్నమాట. రిపోర్టుల్లో ఇంకో తికమక కూడా ఉంది. ఎల్-4, ఎల్-5 అని రాసినప్పుడు ఆ 'ఎల్' ఎడమవైపు అని కాదు, నడుం పూస అని అర్థం. మా పక్కింటావిడ దాన్ని ఎడమ అనే చదువుకుంది.

మరి కుడివైపు అంత పొంగు కనిపిస్తుంటే ఆ కాలికి ఏమీ కాలేదేం? ఈ ప్రశ్నకి 1994లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన జవాబిస్తుంది. నడుంనొప్పి అన్నదే లేని 98 మందికి స్కానింగు తీశారు. 52 శాతం మందికి ఏదో ఒక డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతం మందికి డిస్కు ఒకచోట బయటికి పొడుచుకొచ్చి ఉంది. వాళ్ళందరూ హాయిగా తిరుగుతున్నవాళ్ళే! వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కులూ మారతాయి. స్కాన్‌లో కనిపించిన ప్రతిదీ జబ్బు కాదు. కాలు చెప్పేదీ, డాక్టరు చెయ్యి చెప్పేదీ, ఫిలిం చెప్పేదీ మూడూ ఒకే పక్కని, ఒకే నరాన్ని చూపించాలి. మా వదిన విషయంలో ఆ మూడూ కలిసింది ఎడమవైపు చిన్నదాని దగ్గర. "కుడివైపుది దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ఎడమదానికి కూడా కొన్నాళ్ళు ఆగి చూద్దాం. కాలి బలం ఇంకా తగ్గుతున్నట్టుంటే మాత్రం వెంటనే రండి" అన్నారాయన.

కుచ్చిళ్ళు నేల తాకితే

ఆ రోజుల్లో వదిన చీర కడితే కుచ్చిళ్ళు ఒక పక్క నేల రాస్తుండేవి, ఇంకో పక్క జానెడు పైకి లేచేవి. ఎన్నిసార్లు సర్దినా అంతే. నరం మీద ఒత్తిడి తప్పించుకోడానికి ఒళ్ళు తనకు తెలియకుండానే ఒక పక్కకి ఒరిగిపోతుందట. అలా ఒరగడం చూసి ఒక కాలు పొట్టిదైపోయిందని భయపడేవాళ్ళున్నారు. నొప్పి తగ్గాక చాలామందిలో అదే సర్దుకుంటుంది. నొప్పి ఉన్న వైపుకే ఒరగాలనీ లేదు, అవతలికే ఒరగాలనీ లేదు. డిస్కు ముక్క నరానికి లోపలివైపు ఉందా, బయటివైపు ఉందా అన్నదాన్నిబట్టి మారుతుందని డాక్టర్లు చెబుతారు. కాబట్టి ఒరుగు చూసి మనమే ఏ పక్కదో తేల్చేయకూడదు.

చంకన బిడ్డే కారణమా?

ఇక మా వీధి సిద్ధాంతాల దగ్గరికొద్దాం. ఆడవాళ్ళు పిల్లల్ని ఎక్కువగా ఎడమవైపే ఎత్తుకుంటారన్నది నిజమే. లీ సాల్క్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో తల్లుల్ని గమనించి ఈ సంగతి రాశాడు. నూటికి ఎనభై మందికి పైగా కుడిచేతి వాటం తల్లులు పసిబిడ్డని ఎడమవైపే పట్టుకున్నారు. విచిత్రం ఏమిటంటే ఎడమచేతి వాటం తల్లుల్లో కూడా ఎక్కువమంది ఎడమవైపే! పని చేసుకోడానికి కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి కాబట్టి అన్న మన వాదన అక్కడే వీగిపోయింది.

పోనీ, ఎత్తుకోవడం ఎడమవైపు కాబట్టి డిస్కు ఎడమవైపు జారుతుందా? అదే నిజమైతే ఆడవాళ్ళందరికీ ఒకే పక్క రావాలి. కానీ ఎడమా కుడీ రెండువైపులా వస్తుంది. బిడ్డల్ని చంకనెత్తుకుని తిరగని మగవాళ్ళకీ రెండువైపులా వస్తుంది. ఫిన్లండులో కవల సోదరుల నడుములకి స్కానింగు తీసి, 1995లో ఫలితాలు చెప్పారు. ఒకరు బరువు పని చేసేవాళ్ళూ, ఇంకొకరు కూర్చుని పనిచేసేవాళ్ళూ అయినా డిస్కుల అరుగుదలలో పోలికే ఎక్కువ కనిపించింది. బరువులు మొయ్యడం కన్నా పుట్టుకతో వచ్చిందే పెద్ద కారణమని తేలింది. అలాగని సిలిండర్లు ఎడాపెడా ఎత్తమని కాదు. వంగి, నడుము మెలితిప్పుతూ బరువు లాగడం చెడ్డదే. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టుకుని, మోకాళ్ళు వంచి, ఒంటికి ఆనించుకుని ఎత్తితే నడుం మీద భారం తగ్గుతుంది.

మా వదిన అత్తగారు, అంటే మా అమ్మే, "చిన్నవాణ్ణి మూడేళ్ళొచ్చేదాకా చంక దించలేదు, ఇప్పుడు అనుభవిస్తోంది" అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్లాడికిప్పుడు పందొమ్మిదేళ్ళు! ఆడదానికి జబ్బు చేస్తే ఆవిడ చేసిన చాకిరీలోనే తప్పు వెతకడం మన ఇళ్ళలో అలవాటైపోయింది.

ఆగడమా? ఆపరేషనా?

డిస్కు జారగానే చెక్కబల్ల మీద నెల్లాళ్ళు పడుకోబెట్టే రోజులు పోయాయి. 1999లో నెదర్లాండ్స్ డాక్టర్లు సయాటికా ఉన్నవాళ్ళని కొందరిని రెండు వారాలు మంచం మీదే ఉంచి, కొందరిని ఓపినంతవరకు తిరగనిచ్చారు. మంచంపట్టినవాళ్ళకి ప్రత్యేకించి ఒరిగిందేమీ లేదు. బయటికొచ్చిన గుజ్జుని ఒళ్ళే మెల్లగా హరించేసుకోవడం కూడా చాలామందిలో జరుగుతుంది. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి బాగా తగ్గుముఖం పడుతుంది.

అదే దేశంలో 2007లో ఇంకో పరిశోధన ఫలితాలొచ్చాయి. తీవ్రమైన సయాటికాతో ఆరు నుంచి పన్నెండు వారాలు బాధపడిన 283 మందిలో సగంమందికి త్వరగా ఆపరేషను చేశారు, సగంమందికి ముందు మందులతో చూశారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆపరేషను అయినవాళ్ళకి నొప్పి త్వరగా పోయింది, తేడా అదే. ఆగినవాళ్ళలో 39 శాతం మంది ఆ ఏడాదిలోగా ఆపరేషను చేయించుకోవాల్సి వచ్చింది కూడా. అందుకని ఆపరేషను వద్దని ఎవరూ అనరు. నొప్పి భరించలేకపోతే, పాదం వాలిపోతుంటే చేయించుకోవాల్సిందే.

చేయించుకునేటట్టయితే 'ఏ పక్క?' అన్న ప్రశ్న ఇంకా ముఖ్యం. చర్మం మీద గాటు నడుం మధ్యలోనే పడుతుంది కానీ లోపల ఎముక దగ్గర ఒక పక్కే దారి చేసి డిస్కు ముక్క తీస్తారు. పైనుంచి చూస్తే ఎడమో కుడో తెలియదు. ఒక పక్కకి బదులు ఇంకో పక్క ఆపరేషను చేసిన సంఘటనలు పెద్ద పెద్ద దేశాల్లోనూ జరిగాయి. అందుకే అమెరికాలో ఎముకల సర్జన్ల సంఘం 1998లోనే చేయబోయేచోట సర్జను సంతకం పెట్టాలని ప్రచారం చేసింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషను థియేటర్లకి ఒక తనిఖీ జాబితా ఇచ్చింది. కొయ్యబోయేముందు మనిషి ఎవరు, ఏ ఆపరేషను, ఏ చోట అన్నది అందరూ పైకి చెప్పుకోవాలి.

మన ఆసుపత్రిలో అడగడానికి మొహమాటపడక్కర్లేదు. సంతకం పెట్టే కాగితంలో ఏ డిస్కు, ఎడమా కుడా అన్నది రాశారో లేదో చూసుకోవాలి. మత్తు ఇవ్వకముందే, మెలకువగా ఉండగానే, ఒంటిమీద గుర్తు పెట్టమనాలి. "ఏ కాలమ్మా?" అని నర్సు ఒకసారి, డాక్టరు ఒకసారి, మత్తు డాక్టరు ఒకసారి అడిగితే విసుక్కోకూడదు. అలా అడిగే ఆసుపత్రే మంచి ఆసుపత్రి.

మా వదినకి ఆ అవసరం రాలేదు. రెండు నెలలకి నొప్పి పిక్కలోంచి తొడలోకి, తొడలోంచి తుంటిలోకి వెనక్కి తగ్గుతూ వచ్చింది. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు, పొద్దున్నా సాయంత్రం నడక, క్లాసుల మధ్య కుర్చీలో పావుగంటకి మించి కూర్చోకపోవడం. మూడో నెలలో ఎడమ మునివేళ్ళ మీద లేవగలిగింది. సుత్తితో తడితే మాత్రం ఆ పాదం ఇప్పటికీ కదలదు. అది చాలామందికి తిరిగి రాదనీ, నడకకి అడ్డం కాదనీ డాక్టరు చెప్పారు. కుడివైపు పెద్ద పొంగు ఆవిణ్ణి ఒక్కరోజు కూడా పలకరించలేదు.

రెండువైపులా అయితే...

ఇప్పటిదాకా చెప్పింది ఒక పక్క నొప్పి సంగతి. అరుదుగా గుజ్జు నడిమధ్యకే పెద్ద ఎత్తున వచ్చి పడి నరాల కట్టనంతా నొక్కేస్తుంది. అప్పుడు రెండు కాళ్ళూ లాగుతాయి, బలం తప్పుతాయి. కూర్చుంటే పీటకి ఆనే భాగమంతా, మర్మావయవాల దగ్గర కూడా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియదు. ఒంటేలుకి వెళ్ళాలనిపించినా రాదు, లేకపోతే తెలియకుండానే పడిపోతుంది. విరేచనం మీద అదుపు తప్పుతుంది. ఆడవాళ్ళు ఈ లక్షణాలని సిగ్గుపడి మొగుడికి కూడా చెప్పరు. పొద్దున చూద్దాంలే అనుకుంటారు. ఇది గంటల లెక్కలో ముదిరే ప్రమాదం. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. నరాల ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రికి ఆ రాత్రికి ఆ రాత్రే వెళ్ళాలి. వెళ్ళగానే ముందు ఈ మాటలే చెప్పాలి, నడుంనొప్పి సంగతి తర్వాత.